మధ్యాహ్నం డీవో 11 ఉన్నా తెల్లవారుజామున చేపలు ఎందుకు తేలుతున్నాయి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: అయిదెకరాల చెరువు, అయిదడుగుల నీరు. బొచ్చె, శీలావతి, కొద్దిగా గడ్డిచేప వేశారు. నాలుగు రోజులుగా మబ్బు. తెల్లవారుజామున చేపలు గుంపులుగా పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి, ఎండెక్కాక దిగిపోతున్నాయి. మధ్యాహ్నం రెండింటికి మీటరు పెడితే డీవో (నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్, లీటరుకు మిల్లీగ్రాముల్లో) 11 చూపించింది. ఇంత ఆక్సిజన్ ఉన్నాక లోటు ఎలా వస్తుంది, మొప్పల జబ్బేమో అని మీ అనుమానం. షాపులో ఎకరాకు కిలో ఆక్సిజన్ పొడి చల్లమన్నారు, చల్లమంటారా అని అడిగారు.

ముందు జవాబు. మొప్పల జబ్బయితే మధ్యాహ్నానికి నయమైపోయి మళ్లీ తెల్లవారుజామున రాదండి. ఇది రాత్రి ఆక్సిజన్ లోటే. మధ్యాహ్నం 11 ఉండటం ధైర్యం చెప్పే అంకె కాదు, రాత్రికి ప్రమాదం ఉందని చెప్పే అంకె. ఆ పొడిని నమ్ముకోవద్దు. ఈ రాత్రి 8 గంటలకు ఒకసారి, 11 గంటలకు ఒకసారి డీవో కొలవండి. దాన్నిబట్టి ఏరేటర్లు (నీటిని చిలికి గాలి కలిపే యంత్రాలు) ఎప్పుడు వేయాలో తేలుతుంది, ఆ లెక్క కింద రాశాను. రేపు పొద్దున మేత ఆపండి. చేపలు తేలాక ఇంజన్ దగ్గరికి పరిగెత్తడమే మన ప్రాంతంలో చాలా చెరువులు పోవడానికి కారణం.

ఇప్పుడు కారణాలు. కొంచెం పొడుగవుతుంది కానీ ఇది అర్థమైతే చెరువులో సగం సమస్యలు మీరే పోల్చుకోగలరు.

30 డిగ్రీల వేడిలో మంచినీళ్లు తమంతట తాము పట్టుకోగల ఆక్సిజన్ లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాములు. అంటే 5 మిల్లీలీటర్లకు కాస్త ఎక్కువ. అదే లీటరు గాలిలో 210 మిల్లీలీటర్లు ఉంటుంది. మనకు దొరికే దానిలో నలభయ్యో వంతుతో చేప బతకాలి. పైగా నీరు గాలికన్నా ఎనిమిది వందల రెట్లు బరువు, దాన్ని రాత్రీపగలూ నోట్లోంచి మొప్పల మీదుగా తోస్తూనే ఉండాలి. నీరు వేడెక్కినా, ఉప్పదనం పెరిగినా అందులో పట్టే ఆక్సిజన్ ఇంకా తగ్గుతుంది. చేపకు మాత్రం వేడి పెరిగేకొద్దీ అవసరం పెరుగుతుంది.

మరి మీకు 7.5 కాకుండా 11 ఎలా వచ్చింది? అది గాలి నుంచి వచ్చింది కాదు, మీ నీళ్లలోని ఆకుపచ్చ ప్లాంక్టన్ (నీటిలో తేలే అతి చిన్న నాచు కణాలు) ఎండలో తయారు చేసింది. ఆ ప్లాంక్టనే చీకటి పడగానే తయారీ ఆపేసి తిరిగి ఆక్సిజన్ వాడుకోవడం మొదలెడుతుంది. చేపల వాటా కన్నా ప్లాంక్టన్, అడుగు బురదలోని బ్యాక్టీరియా కలిసి రాత్రి వాడుకునేదే ఎక్కువ. పగలు ఎంత పైకి వెళ్లిందో, ఆ చెరువులో రాత్రి పీల్చే నోళ్లు అన్ని ఉన్నాయన్నమాట. మబ్బు రోజుల్లో తయారీ తగ్గుతుంది, వాడకం తగ్గదు. అందుకే మొదటి రోజు మబ్బుకి ఏమీ కాదు, మూడో రోజో నాలుగో రోజో చేప తేలుతుంది. అన్నిటికన్నా తక్కువ డీవో సూర్యోదయానికి కాస్త ముందు ఉంటుంది.

ఇంకోటి, మీరు ఆ 11 ఎక్కడ కొలిచారు? గట్టు మీద నిలబడి మీటరు ప్రోబు జానెడు లోతుకు దించితే పై నీటి లెక్కే వస్తుంది. చిక్కటి ఆకుపచ్చ చెరువులో వెలుతురు పై రెండడుగులు దాటదు. పైన 11 ఉన్న రోజే అడుగున 3 ఉండటం నేను చాలా చెరువుల్లో చూశాను. పడవలో మధ్యకి వెళ్లి పైన, మధ్యలో, అడుగుకి ఒక అడుగు ఎత్తులో మూడు చోట్లా కొలవండి.

ఇక చేప వైపు నుంచి చూద్దాం.

ఏ ప్రాణికైనా ఆక్సిజన్ లోపలికి వెళ్లే దారి ఒకటే. ఎక్కువ ఉన్నచోటు నుంచి తక్కువ ఉన్నచోటుకి, పలచని పొర గుండా, తనంతట తాను వ్యాపించాలి. దాన్ని లోపలికి లాక్కునే మోటారు ఏ జీవిలోనూ లేదు. ఈ వ్యాపనం చాలా కొద్ది దూరానికే పనికొస్తుంది. ఒక మిల్లీమీటరు మందం దాటిన జీవికి ఇది ఒక్కటే చాలదని, రవాణాకి వేరే ఏర్పాటు కావాలని లెక్కగట్టిన వారిలో డెన్మార్క్ శాస్త్రవేత్త ఆగస్ట్ క్రోగ్ ముఖ్యుడు. కండరాల్లో అతి సన్నని రక్తనాళాలు అవసరాన్ని బట్టి ఎలా తెరుచుకుంటాయో చూపినందుకు ఆయనకి 1920లో నోబెల్ బహుమతి ఇచ్చారు. మొప్ప, గుండె, రక్తం అన్నీ ఆ దూరం సమస్యకి జవాబులే.

బతికున్న శీలావతిని పట్టుకుని మొప్ప మూత ఎత్తి చూడండి. ఒక్కో వైపు నాలుగు విల్లులు, ఒక్కో విల్లుకీ రెండు వరసల ఎర్రటి పీచులు కనిపిస్తాయి. ఆ పీచులో ఒక్కదాన్ని సూక్ష్మదర్శిని కింద పెడితే దాని రెండు వైపులా దువ్వెన పళ్లలా సన్నని రేకులు బారులు తీరి ఉంటాయి. ఊపిరంతా ఆ రేకుల్లోనే. రేకులోని రక్తానికీ బయటి నీటికీ మధ్య గోడ మందం కొద్ది మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). రేకులో రక్తం ఒక దిక్కుకి పారితే నీరు దానికి ఎదురు దిక్కున పారుతుంది. బయటికి వెళ్లబోతున్న రక్తానికి అప్పుడే లోపలికొచ్చిన తాజా నీరు తగులుతుంది కాబట్టి రేకు పొడుగునా ఎక్కడ చూసినా నీటిలో కాస్త ఎక్కువ, రక్తంలో కాస్త తక్కువ ఉంటుంది, వ్యాపనం ఆగదు. ఈ ఏర్పాటు వల్లే నీటిలోని ఆక్సిజన్‌లో 80 శాతం దాకా చేప లాగేయగలదు. మనం పీల్చే గాలిలో 21 శాతం ఉంటే వదిలే గాలిలో ఇంకా 16 శాతం ఉంటుంది, మన ఊపిరితిత్తులు పావు వంతే తీసుకుంటాయి.

అంత గొప్ప మొప్ప కూడా బయట తేడా లేకపోతే ఏమీ చేయలేదు. డీవో 5 ఉన్నప్పుడు చేప హాయిగా ఉంటుంది. 3కి దిగితే మేత తగ్గించేస్తుంది, మొప్ప మూతలు గబగబా ఆడిస్తుంది. 2 కిందకి వస్తే మీరు చూస్తున్నది జరుగుతుంది. చాలామంది అనుకున్నట్టు బొచ్చె అప్పుడు గాలి మింగడం లేదు. గాలి తగిలే పై పొరలో, ఒకటి రెండు మిల్లీమీటర్ల నీటిలో, మిగతా చెరువు కన్నా ఎక్కువ ఆక్సిజన్ ఉంటుంది. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది కాబట్టి కింది దవడ నీటి మట్టానికి ఆనించి ఆ పొరని మాత్రమే లోపలికి తీస్తుంది. గాలిని వాడుకునే అవయవం దానికి లేదు. ఒడ్డున పడేస్తే చుట్టూ అంత ఆక్సిజన్ ఉన్నా చచ్చిపోవడానికి కారణం, నీటి ఊతం లేక ఆ రేకులన్నీ ఒకదానికొకటి అతుక్కుపోవడం.

కొరమీను, మార్పు, ఇంగిలాయి అనే చేపల సంగతి వేరు. వాటికి గాలి పీల్చే అవయవాలు ఉన్నాయి. కొరమీనుని పైకి రానివ్వకపోతే మంచి నీళ్లలో కూడా ఊపిరాడక చస్తుంది. ఈ తేడా మీకు ఒక పరీక్షలా పనికొస్తుంది. ఆక్సిజన్ లోటుతో పోయిన చెరువులో పెద్ద చేపలు ముందు చస్తాయి, కొరమీను బతికే ఉంటుంది. పిల్లా పెద్దా కలిసి పోయి, కొరమీను కూడా తేలిందంటే విషం సంగతి చూడాలి. కైకలూరు వైపు ఒక చెరువులో రైతు ఆక్సిజన్ లోటే అనుకుని రెండు రోజులు ఇంజన్లు తిప్పాడు. నేను వెళ్లేసరికి తూము పక్కన చచ్చి తేలినవాటిలో కొరమీన్లు కూడా ఉన్నాయి. పక్క వరిచేలో కొట్టిన పురుగుమందు నీళ్లు కాలవలోంచి చెరువులోకి దిగాయని అప్పుడు అర్థమైంది.

గుండె గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే పట్టుబడి రోజు జరిగే నష్టం దీనివల్లే. చేప గుండెకి రెండే గదులు. రక్తం గుండె నుంచి మొప్పలకి, అక్కడి నుంచి నేరుగా ఒళ్లంతటికీ వెళ్లి, అన్ని అవయవాలూ వాడుకున్నాక మిగిలిన ఆక్సిజన్‌తో తిరిగి గుండెకి వస్తుంది. చాలా జాతుల్లో గుండె కండరం ఎక్కువగా ఆ మిగిలిన దానితోనే పని చేయాలి. డీవో తక్కువున్న తెల్లవారుజామున వల లాగితే చేప ప్రాణభయంతో ఈదుతుంది, కండరాలు ఉన్నదంతా వాడేస్తాయి, గుండెకి ఏమీ మిగలదు. వల్లో బాగానే ఉన్న చేప వదిలాక గంటలో పోయిందంటే కారణం ఇదే కావచ్చు. వల అడుగు బురదని కూడా లేపుతుంది. మార్కెట్ కోసం చీకట్లోనే పట్టక తప్పదని తెలుసు, కానీ తేలుతున్న చెరువులో మాత్రం పాక్షిక పట్టుబడి పెట్టుకోకండి.

అంటార్కిటికా సముద్రంలో కొన్ని చేపలకి రక్తంలో ఆక్సిజన్ మోసే ఎర్రటి హిమోగ్లోబినే ఉండదు, రక్తం నీళ్లలా తెల్లగా ఉంటుంది. గడ్డకట్టే చల్లని నీళ్లలో ఆక్సిజన్ ఎక్కువ, వాటి అవసరం తక్కువ కాబట్టి చెల్లిపోతుంది. మన 30 డిగ్రీల చెరువులో హిమోగ్లోబిన్ లేకుండా చేప నిలవడం కష్టం. ఆ హిమోగ్లోబిన్‌ని పాడుచేసేవి మన చెరువుల్లో రెండున్నాయి.

మొదటిది కార్బన్ డయాక్సైడ్. రాత్రంతా అన్నీ ఊపిరి వదులుతాయి, దాన్ని వాడుకునే ఎండ ఉండదు. అది పెరిగితే పీహెచ్ తగ్గి (అంటే ఆమ్లగుణం పెరిగి), హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని పట్టుకునే శక్తి కూడా తగ్గుతుంది. అందుకే సాయంత్రం డీవో 3 దగ్గర ఊరుకున్న చేప, తెల్లవారుజామున అదే 3 దగ్గర తేలుతుంది. మీటరు ఒక్కటే చూసి ‘మూడుందిగా’ అనుకోవద్దు.

రెండోది నైట్రైట్, చెరువులోని అమ్మోనియా నుంచి పుట్టే విషం. ఇది మొప్పల గుండా క్లోరైడ్ వెళ్లే దారిలోనే రక్తంలోకి దూరి హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ మోయలేని రకంగా మార్చేస్తుంది. డీవో 6 ఉన్నా చేప తేలుతుంది, అదీ పట్టపగలు. అనుమానం వస్తే బతికున్న చేప మొప్ప కోసి చూడండి, రక్తం ఎర్రగా కాక చాక్లెట్ రంగులో ఉంటుంది. దీనికి ఉప్పు పని చేస్తుంది. నైట్రైట్‌కి కనీసం పది రెట్లు క్లోరైడ్ ఉంటే దారిలో దానిదే పైచేయి అవుతుంది. నైట్రైట్ 1 పీపీఎం (లీటరుకు 1 మిల్లీగ్రాము) ఉండి, నీళ్లలో క్లోరైడ్ అసలు లేదనుకుంటే అయిదడుగుల నీటికి ఎకరాకు దాదాపు 100 కిలోల ఉప్పు పడుతుంది. కానీ మన డెల్టాలో చాలా చోట్ల నీళ్లలో క్లోరైడ్ ముందే కావలసినంత ఉంటుంది. కొలవకుండా ఉప్పు కొనకండి. మీ చేపలు పగలు బాగానే ఉన్నాయి కాబట్టి మీది ఈ కేసు అనుకోను.

చేప ఒంట్లో తయారయ్యే వ్యర్థం అమ్మోనియా బయటికి పోయేది కూడా ఇదే మొప్ప గుండా, ఇదే పద్ధతిలో, లోపల ఎక్కువ బయట తక్కువ ఉంటేనే. మీ చెరువు అంత ఆకుపచ్చగా ఉంటే మధ్యాహ్నం పీహెచ్ 9 దగ్గరికి వెళ్తుంది. 30 డిగ్రీల దగ్గర పీహెచ్ 7లో మొత్తం అమ్మోనియాలో విషపు రూపం ఒక శాతం కూడా ఉండదు, 8లో ఏడెనిమిది శాతం, 9లో దాదాపు 45 శాతం. సాయంత్రం పూట మేత తినకుండా మొహం తిప్పేస్తున్నాయంటే ఇది చూడండి.

ఇప్పుడు రాత్రి లెక్క. చీకటి పడ్డాక డీవో దాదాపు ఒకే వేగంతో దిగుతుంది. 8 గంటలకి 7.5, 11 గంటలకి 6 ఉంటే గంటకి 0.5 చొప్పున పోతోంది. 11 నుంచి అయిదున్నరకి ఆరున్నర గంటలు, అంటే ఇంకో 3.25 పోయి తెల్లవారేసరికి 2.7 దగ్గర ఆగుతుంది. 3 కన్నా తక్కువ వస్తుందని లెక్క చెబితే, 4కి దిగే వేళకే ఏరేటర్లు తిరుగుతుండాలి. ఈ ఉదాహరణలో అది తెల్లవారుజామున మూడు గంటల వేళ. కాపలా కుర్రాడికి ఆ టైము రాసిచ్చి పడుకోవచ్చు. కరెంటు పోతే జనరేటర్‌లో డీజిల్ ఉందో లేదో మాత్రం సాయంత్రమే చూసుకోండి.

ఏరేటర్లు చెరువంతటినీ నిలబెట్టవు, ఈ సంగతి ముందే తెలిసుండాలి. అయిదెకరాలు, అయిదడుగులు అంటే 30 వేల ఘనమీటర్లు. గంటకి 0.5 పోతోందంటే 15 కిలోల ఆక్సిజన్ పోతున్నట్టు. ఒక హెచ్‌పీ ప్యాడిల్ వీల్ (తెడ్ల చక్రం ఉన్న ఏరేటర్) మంచి పరిస్థితిలో గంటకి కిలో దాకా కలుపుతుంది, నీళ్లలో ఇప్పటికే 4 ఉంటే అందులో సగం కూడా కలపదు. రెండు హెచ్‌పీవి రెండు పెట్టినా చెరువు మొత్తం లోటు తీరదు. అవి చేసేది తమ చుట్టూ బాగున్న నీటి ప్రదేశాన్ని తయారుచేయడం. చేపలు అక్కడికి చేరతాయి, చేరడానికి వాటిలో ఓపిక ఉండాలి. అందుకే ముందే వేయమంటున్నాను. ఏరేటర్ల చోటు రోజూ మార్చకండి.

మధ్యాహ్నం ఒకటి రెండు గంటలు కూడా తిప్పండి. పైన 11 ఉన్నప్పుడు గాలి నుంచి కొత్తగా ఎక్కేదేమీ లేదు, కొంత బయటికే పోతుంది. అయినా పై నీరు అడుగుకి చేరుతుంది, బురద కాస్త ఆక్సిజన్ తాగుతుంది, రాత్రి అప్పు తగ్గుతుంది. మంచి ఎండ కాసిన తర్వాత సాయంత్రం పెద్ద వాన పడితే కూడా జాగ్రత్త. చల్లటి వాన నీరు దిగి అడుగు నీటిని పైకి తిప్పేస్తుంది, డీవో ఒక్కసారిగా పడుతుంది.

పొడి సంగతి. ఆక్సిజన్ పొడిగా మామూలుగా అమ్మే సోడియం పెర్‌కార్బనేట్‌లో విడుదలయ్యే ఆక్సిజన్ బరువులో సుమారు 15 శాతం. కిలో పొడి 150 గ్రాములు ఇస్తుంది. మీ ఎకరంలో డీవో 1 పెరగాలంటే 6 కిలోల ఆక్సిజన్ కావాలి, అంటే 40 కిలోల పొడి. మీకు చెప్పిన ఎకరాకు కిలో వల్ల పెరిగేది 0.025, మీటరు కూడా చూపించదు. తేలిన చేపలు ఒక మూలకి చేరినప్పుడు ఆ మూలలోనే చల్లితే కాసేపు ఊరట ఉంటుంది, అంతవరకే. పొటాషియం పర్మాంగనేట్ అసలు వద్దు, అది చెరువుకి పనికొచ్చే ఆక్సిజన్ ఇవ్వదు, ఉన్న ప్లాంక్టన్‌ని చంపుతుంది. ప్లాంక్టన్ ఎక్కువైందని కాపర్ సల్ఫేట్ కొట్టే ఆలోచన కూడా ఇప్పుడు మానుకోండి. అది ఒక్కసారి చచ్చి కుళ్లితే తయారుచేసేది పోయి తినేది మాత్రమే మిగులుతుంది.

అసలు తగ్గించాల్సింది మేత, ఎరువు. చెరువులో వేసిన కిలో మేత, చేప తిన్నదీ తిననిదీ కలిపి, చివరికి కిలో పైనే ఆక్సిజన్ వాడిస్తుంది. మబ్బు రోజుల్లో తవుడు సంచులు సగానికి తగ్గించండి, ఎండొచ్చి డీవో 4 దాటాకే కట్టండి. తిన్న చేపకి అరగడానికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి, కాబట్టి సాయంత్రం మేత వద్దు. కోళ్ల ఎరువు, సూపర్ ఫాస్ఫేట్ ఆపేయండి. నలుపు తెలుపు పళ్లెం దించితే 25 నుంచి 40 సెంటీమీటర్ల మధ్య కనుమరుగవ్వాలి. మీది పదిహేనుకే మాయమవుతుందని నా అంచనా. కాలవ నీరు బాగుంటే రోజూ కొంత అడుగు నీరు తీసి కొత్త నీరు పెట్టండి.

వనామి రకం రొయ్యల రైతులు ఇది చదువుతుంటే ఒక్కమాట. రొయ్యకి ఎర్ర రక్తం లేదు, రాగి ఉన్న హిమోసయనిన్ ఆక్సిజన్ మోస్తుంది. రొయ్య తిరిగేది అడుగున కాబట్టి మీ డీవో అడుగున కొలవాలి. రొయ్యలు గట్టు వెంబడి లోతు తక్కువ నీళ్లలోకి చేరుతున్నాయంటే అది చేప తేలడంతో సమానం. పొట్టు విడిచే రాత్రుల్లో అవసరం ఇంకా పెరుగుతుంది.

మీ మొప్పల అనుమానం పూర్తిగా తీరాలంటే రెండు మూడు బతికున్న చేపలని నీళ్లు, ఆక్సిజన్ నింపిన సంచిలో దగ్గరలోని ల్యాబుకి తీసుకెళ్లండి. చచ్చిన చేప మొప్పలు తొందరగా పాడైపోతాయి, వాటిలో పరాన్నజీవులని చూసి ఏమీ చెప్పలేరు. ఈ రాత్రి 8, 11, తెల్లవారి 5 గంటల రీడింగులు, ఎన్ని హెచ్‌పీ ఏరేటర్లు ఉన్నాయో, ఎకరాకు ఎన్ని పిల్లలు ఏ సైజువి వేశారో ఇక్కడే రాయండి, లెక్క కలిసి చూద్దాం.